గేరు లీవర్ పట్టేసిందా? షిఫ్టర్ మార్చే ముందు ఒక గంట కేటాయించండి

మూడేళ్ల కిందట డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున భీమిలి వైపు సైకిల్ తొక్కుకుంటూ వెళ్తుంటే, రుషికొండ దాటాక నా కుడిచేతి గేరు లీవర్ (షిఫ్టర్) పని చేయడం మానేసింది. లోపలి చిన్న లీవర్ నొక్కితే టిక్కుమనాలి. అనలేదు. వేలికి ఏ పట్టూ తగలకుండా మెత్తగా లోపలికి వెళ్లి తిరిగి వచ్చేస్తోంది. పెద్ద లీవర్ మాత్రం బాగానే పని చేస్తోంది. అంటే చైన్ వెనక పెద్ద పళ్ల చక్రం మీదకు ఎక్కుతుంది, ఎక్కింది మళ్లీ దిగదు. మంగమారిపేట దగ్గర వెనక్కి తిరిగి, ఎంవీపీ కాలనీలో మా ఇంటి దాకా చదును రోడ్డు మీద కూడా ఎత్తు ఎక్కే గేరులోనే కాళ్లు గిరగిరా తిప్పుకుంటూ వచ్చాను.

మర్నాడు ఒక షాపుకు తీసుకెళ్లాను. రెండు నిమిషాలు చూసి, "షిఫ్టర్ పోయింది మేడం, జత మార్చాలి" అన్నారు. వాళ్లు చెప్పిన ధర నేను ఆ రోడ్ బైక్‌ను (వంపు హ్యాండిల్ ఉన్న గేర్ల సైకిల్‌ను) సెకండ్ హ్యాండ్‌లో కొన్న డబ్బులో మూడో వంతు. బాధతో బైక్ ఇంటికి తెచ్చేసుకున్నాను.

ఆ షిఫ్టర్ పోలేదు. ఇవాళ పొద్దున కూడా దానితోనే తొక్కి వచ్చాను. దాన్ని బాగు చేసే దారి చూపింది మా అమ్మ కుట్టు మిషన్.

అమ్మ నలభై ఏళ్లు జాకెట్లు కుట్టింది. ఇరుగుపొరుగు వాళ్లు "మా మిషన్ పట్టేసింది వదినా, చక్రం తిరగట్లేదు" అని వస్తే అమ్మ అడిగే మొదటి మాట "కొబ్బరి నూనె పోశారా?" అని. చాలాసార్లు అదే జరిగేది. కొబ్బరి నూనె కొన్నాళ్లకు జిగురై, తర్వాత బంకలా గట్టిపడుతుంది. అమ్మ దానిలో కిరోసిన్ చుక్కలు వేసి, దారం లేకుండా అరగంట ఉత్తినే తొక్కేది. నల్లటి మురికి కారేది. గుడ్డతో తుడిచి, మళ్లీ కిరోసిన్, మళ్లీ తొక్కడం. చివర్లో అసలైన మిషన్ ఆయిల్ నాలుగు చుక్కలు. మిషన్ లేచి కూర్చునేది. నా లీవర్‌ను వేలితో నొక్కి చూసిన అమ్మ, "ఇది విరగలేదే, బంక కట్టింది" అంది.

లోపల ఏముంటుందో కొంచెం చెబుతాను, అది తెలిస్తే మిగతాదంతా తేలిక. ఒకప్పుడు రోడ్ బైకులకు గేరు లీవర్లు ఫ్రేమ్ కింది గొట్టం మీద ఉండేవి. గేరు మార్చాలంటే హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీయాలి. 1990లో షిమానో కంపెనీ బ్రేకు, గేరు రెండూ ఒకే లీవర్‌లో పెట్టింది. దాంతో గేరు యంత్రమంతా అరచేతిలో పట్టే చోట ఇరికింది. ఒక చిన్న పళ్ల చక్రం, దాని పళ్లలో పడి ఆపే బుల్లి గడియలు, ఆ గడియలను తోసే వెంట్రుకల్లాంటి స్ప్రింగులు. పెద్ద లీవర్ నొక్కితే ఒక గడియ పన్నును పట్టుకుని చక్రాన్ని తిప్పుతుంది, కేబుల్ చుట్టుకుంటుంది. చిన్న లీవర్ నొక్కితే గడియ లేచి, ఒక పన్ను మేర కేబుల్‌ను వదులుతుంది. వదిలిన కేబుల్‌ను లాక్కునేది, చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే వెనక డిరైలర్‌లోని స్ప్రింగు. స్రామ్ కంపెనీ డబుల్ ట్యాప్ షిఫ్టర్‌లో ఈ రెండు పనులూ ఒకే లీవర్ చేస్తుంది, కొంచెం తోస్తే వదులుతుంది, పూర్తిగా తోస్తే లాగుతుంది. కాంపాగ్నోలో కంపెనీ షిఫ్టర్‌లో వదిలే పని బొటనవేలి బటన్‌ది. పేర్లు ఏవైనా లోపల గడియే, బయట కేబులే.

గేరు పట్టేసింది అన్నప్పుడు మూడు చోట్లలో ఒక చోట పట్టేసి ఉంటుంది: చేతి దగ్గరి షిఫ్టర్‌లో, మధ్యలో కేబుల్ దారిలో, చివర డిరైలర్‌లో. షాపులో ఆ రోజు ఎవరూ ఈ మూడింటినీ విడదీసి చూడలేదు. మీరు చూడండి.

ఎక్కడ పట్టింది?

ముందు బైక్‌ను స్టాండ్ మీద పెట్టండి. స్టాండ్ లేకపోతే సీటును దూలానికి తాడుతో వేలాడదీయండి, నేను ఇప్పటికీ బాల్కనీ కొక్కేనికే కడతాను. వెనక చక్రం గాల్లో ఉండాలి, పెడల్ తిరగాలి.

ఒక సంగతి. చైన్ చిన్న చక్రం మీద ఉన్నప్పుడు చిన్న లీవర్ నొక్కితే ఏమీ జరగదు, పెద్ద చక్రం మీద ఉన్నప్పుడు పెద్ద లీవర్ గట్టిగా ఆగిపోతుంది. అది జబ్బు కాదు, గేర్లు అయిపోయాయని అర్థం. కొత్తవాళ్లు అక్కడ బలంగా తోసి నిజంగానే పాడు చేస్తారు. ఎప్పుడూ మధ్య గేరులో పరీక్షించండి.

మధ్య గేరులో పెట్టి, పెడల్ తిప్పుతూ రెండు వైపులా మార్చి చూడండి. లీవర్ టిక్కుమంటోంది, చైన్ పెద్ద చక్రాల మీదకు చక్కగా ఎక్కుతోంది, దిగేటప్పుడే బద్ధకిస్తోంది లేదా రెండుసార్లు నొక్కితే ఒకేసారి రెండు దిగుతోంది అంటే కేబుల్ దారిని అనుమానించండి. ఎక్కేటప్పుడు లాగేది మన చెయ్యి, ఎంత రాపిడి ఉన్నా గెలుస్తుంది. దిగేటప్పుడు లాగేది డిరైలర్ స్ప్రింగు ఒక్కటే, తుప్పు పట్టిన కేబుల్ ముందు అది ఓడిపోతుంది. అలా కాకుండా లీవరే టిక్కుమనకపోతే, నా లీవర్‌లాగా మెత్తగా జారిపోతుంటే, లేదా నొక్కాక తిరిగి రాకపోతే షిఫ్టర్ వైపు చూడండి.

అనుమానం తీరాలంటే కేబుల్ విప్పాలి. చైన్‌ను వెనక చిన్న చక్రం మీదకు తెచ్చి, డిరైలర్ దగ్గర కేబుల్‌ను పట్టుకున్న బోల్టును అలెన్ కీతో వదులు చేయండి. మోడల్‌ను బట్టి 4 లేదా 5 మిల్లీమీటర్ల కీ పడుతుంది. చైన్ దిగకపోతే దిగకపోయినా సరే, బోల్టు విప్పేస్తే డిరైలర్ తనే చిన్న చక్రం వైపు వెళ్లిపోతుంది. ఇప్పుడు డిరైలర్‌ను చేత్తో లోపలికి తోసి వదలండి. చప్పున వెనక్కి రావాలి. వస్తే డిరైలర్ మంచిదే. నెమ్మదిగా వస్తే దాని కీళ్లలో ఉప్పు, మట్టి చేరినట్టు. పాత టూత్ బ్రష్‌తో కిరోసిన్ రుద్ది, కడిగి, ఆరాక ఒక్కో కీలుకు ఒక్కో చుక్క నూనె వేయండి. డిరైలర్ విషయంలో ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

తర్వాత ఫ్రేమ్ పక్కన బయటకు కనిపించే కేబుల్‌ను ఎడమ చేత్తో విల్లు నారిలా కొంచెం లాగి పట్టుకుని, కుడి చేత్తో గేర్లు మార్చండి. లోపల నుంచి వెళ్లే కేబుల్ అయితే డిరైలర్ దగ్గరి కొసను పట్టుకోండి. ప్రతి నొక్కుకీ కేబుల్ ఒక మెట్టు కదలాలి, చేతికి తెలుస్తుంది. పైన పట్టుకుంటే బాగా కదిలి, కొస దగ్గర పట్టుకుంటే బరువుగా ఉంటే దోషం మధ్యలో ఉంది. పైనే కదలకపోతే షిఫ్టర్‌లో ఉంది.

గడియలు బంక కట్టినప్పుడు

పాత షిఫ్టర్లకు, చాలాకాలం తొక్కకుండా మూల పెట్టిన బైకులకు వచ్చే జబ్బు ఇది. ఫ్యాక్టరీలో వేసిన గ్రీజు ఏళ్ల తరబడి ఆరి మైనంలా అవుతుంది. స్ప్రింగు చాలా సన్నది, మైనంలో ఇరుక్కున్న గడియను పన్నులోకి తోయలేదు. గడియ పన్నును పట్టదు కాబట్టి లీవర్ ఉత్తినే ఊగుతుంది. చలిలో గ్రీజు ఇంకా బిగుస్తుంది. అందుకే నాకు డిసెంబరు తెల్లవారుజామున ఆగింది. ఎండలో పెడితే మధ్యాహ్నం రెండు మూడు టిక్కులు పడ్డాయి. మీ లీవర్ కూడా ఎండకు కొంచెం కదిలితే సంతోషించండి, అది గ్రీజు సంగతే.

వీలైతే కేబుల్ తీసేయడం మంచిది (ఎలాగో తర్వాతి భాగంలో చెబుతాను), ఎలాగూ కొత్తది వేస్తాం. లీవర్ మీది రబ్బరు హుడ్‌ను వెనక నుంచి ముందుకు మడతపెట్టండి, తర్వాత కొట్టబోయే స్ప్రే తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. హ్యాండిల్ టేప్‌కు ప్లాస్టిక్ కవరు చుట్టండి. డిస్క్ బ్రేకులుంటే రోటరు, ప్యాడ్లు పూర్తిగా కప్పండి, ఒక్క చుక్క పడినా బ్రేకు పట్టదు. హైడ్రాలిక్ బ్రేకు లీవర్ అయితే ఈ పని ఇంట్లో చేయకుండా నమ్మకమైన మెకానిక్‌తో మీ ఎదుట చేయించుకోమంటాను, అందులో బ్రేకు సీళ్లు కూడా ఉంటాయి.

డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రేకు వచ్చే సన్నని గొట్టాన్ని లీవర్ కీలు దగ్గర కనిపించే సందులో పెట్టి కొట్టండి. రెండు లీవర్లనూ మార్చి మార్చి నొక్కుతూ ఉండండి. యాభై సార్లు నొక్కాక టీ రంగు ద్రవం కారడం మొదలవుతుంది. తుడవండి, మళ్లీ కొట్టండి, మళ్లీ నొక్కండి. నాకు మొదటి గంటలో ఏమీ జరగలేదు. రాత్రంతా అలాగే వదిలేశాను. మర్నాడు పొద్దున మరో అరగంట నొక్కాక ఒక టిక్కు వినిపించింది, తర్వాత పది నొక్కులకు ఒకటి, సాయంత్రానికి ప్రతి నొక్కుకీ. అమ్మ వంటింట్లోంచే ఆ చప్పుడు విని "వచ్చిందా?" అంది.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. స్ప్రే బంకను కరిగిస్తుంది కానీ అది ఎక్కువకాలం నిలిచే నూనె కాదు. పాత గ్రీజు పోయింది, కొత్త నూనె పడకపోతే లోపల ఇనుము మీద ఇనుము రాస్తుంది. ఒక పూట ఆరనిచ్చి, అదే సందులో కుట్టు మిషన్ ఆయిల్ నాలుగైదు చుక్కలు వేసి, మరో యాభై సార్లు మార్చండి. కారినది తుడిచాక హుడ్ వెనక్కి లాగండి. చైన్‌కు వేసే చిక్కటి నూనె, బేరింగ్ గ్రీజు అందులో వద్దు, కొన్నేళ్లకు మళ్లీ అదే బంక. వంటింటి నూనెలు అసలే వద్దు.

షిఫ్టర్‌ను మాత్రం విప్పకండి. గడియల స్ప్రింగు ఒకటి ఎగిరి పడితే దొరకదు, దొరికినా తిరిగి అమర్చడం మామూలు చేతుల పని కాదు.

కేబుల్ తెగబోతున్నప్పుడు

దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది ముందే పట్టుకోకపోతే బాగున్న షిఫ్టర్‌ను కూడా పాడు చేస్తుంది.

మా సైక్లింగ్ గుంపులో ఇంజినీరింగ్ చదివే ఒక తమ్ముడు ఉన్నాడు, అతనిది 11 స్పీడ్ బైక్, అంటే వెనక 11 పళ్ల చక్రాలు. ఒకరోజు తెన్నేటి పార్కు దగ్గర టీ తాగుతూ, "అక్కా, రోజూ గేర్లు తప్పుతున్నాయి. బ్యారెల్ తిప్పితే ఒక రోజు బాగుంటోంది, మర్నాడు మళ్లీ అంతే" అన్నాడు. బ్యారెల్ అంటే కేబుల్ బిగువు సరిచేసే మర.

"ఏ వైపు తిప్పుతున్నావు?"

"ప్రతిసారీ బిగించే వైపే."

"అయితే ఇవాళ ఇంక గేరు మార్చకు. ఉన్న గేరులోనే ఇంటికి వెళ్లు."

కొత్త కేబుల్ మొదటి వారం కొంచెం వదులవుతుంది, అది అవుటర్ (కేబుల్ మీది తొడుగు) కొసలు సర్దుకోవడం వల్ల. నెలల పాటు బాగున్న కేబుల్ ఉన్నట్టుండి రోజూ వదులవుతోందంటే అది సాగడం లేదు, పోగులు ఒక్కొక్కటే తెగుతున్నాయి. షిఫ్టర్ లోపల కేబుల్ తలకాయ (కేబుల్ కొసన ఉండే చిన్న గుండు) దగ్గర చాలా ఇరుకైన మలుపు తిరుగుతుంది. ప్రతి గేరు మార్పుకీ అక్కడే వంగి సాగి వంగి, సన్నని తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. తెగిన పోగులు ముళ్లలా విచ్చుకుని గడియల మధ్య ఇరుక్కుంటాయి, అప్పుడు లీవర్ గరగరమంటుంది. ఆ సాయంత్రం తమ్ముడి లీవర్ హుడ్ మడిచి, చైన్‌ను వెనక చిన్న చక్రం మీదకు తెచ్చి చూస్తే తలకాయ దగ్గర నాలుగు పోగులు మిగిలాయి.

పూర్తిగా తెగకముందే తీస్తే పని తేలిక. చైన్‌ను వెనక చిన్న చక్రం మీదకు తేవాలి, ముందు గేరు కేబుల్ అయితే చిన్న చైన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్ల చక్రం) మీదకు. అప్పుడే తలకాయ బయటకు వచ్చే రంధ్రం ఎదురుగా వస్తుంది. కొన్ని మోడళ్లలో బ్రేకు లీవర్ పిండితేనే కనిపిస్తుంది. డిరైలర్ దగ్గర బోల్టు విప్పి, కేబుల్‌ను వెనక నుంచి లీవర్ వైపు తోస్తే తలకాయ బయటకు వస్తుంది. అలాగే పట్టుకుని లాగేయండి. విచ్చుకున్న పోగులు అడ్డుపడితే బలంగా లాగకండి, సన్నని పట్టుకారుతో ఒక్కో పోగునూ తీయండి. తీసిన తలకాయలో ఎన్ని పోగులు ఉన్నాయో, మిగతా కేబుల్‌లో ఎన్ని ఉన్నాయో పోల్చి చూడండి. తక్కువైతే ఒకటో రెండో ఇంకా లోపల ఉన్నట్టే. టార్చి వేసి వెతికి తీయాలి.

తెగిపోయిందా, లీవర్ నొక్కడం వెంటనే ఆపండి. ప్రతి నొక్కూ ముక్కను ఇంకా లోపలికి తోస్తుంది. దారి మధ్యలో తెగితే చైన్ చిన్న చక్రం మీద పడిపోతుంది, ఆ బరువు గేరులో కైలాసగిరి పక్క ఎత్తు ఎక్కడం మోకాళ్లకు మంచిది కాదు. డిరైలర్ మీద హెచ్ అని రాసి ఉన్న చిన్న మరను లోపలికి తిప్పితే డిరైలర్ ఒకటి రెండు చక్రాలు లోపలికి జరిగి అక్కడే నిలుస్తుంది. ఎన్ని చుట్లు తిప్పారో గుర్తు పెట్టుకోండి, ఇంటికి వచ్చాక అన్ని చుట్లూ వెనక్కి తిప్పాలి.

ఉప్పు గాలి, నిమ్మకాయ నీళ్లు

మన తీరంలో తొక్కే బైకులకు కేబుల్ దారే మొదట దెబ్బతింటుంది. గాలిలో ఉప్పు తేమ ఉంటుంది, అవుటర్ కొసల్లోకి దూరుతుంది. అన్నిటికంటే ముందు పోయేది వెనక డిరైలర్‌లోకి వంపు తిరిగే చివరి ముక్క. కింద ఉంటుంది కాబట్టి నీరంతా అక్కడికే చేరుతుంది. రెండోది హ్యాండిల్ టేప్ కింద ఉన్న భాగం, మన చెమట అక్కడికి దిగుతుంది. మూడోది చాలామంది చూడనిది. బయటి కేబుల్ ఉన్న ఫ్రేముల్లో పెడల్ ఇరుసు కింద ఒక ప్లాస్టిక్ గాడి ఉంటుంది, కేబుళ్లు దానిలోంచే వెళ్తాయి. సీసాలోని ఉప్పు, పంచదార వేసిన నిమ్మకాయ నీళ్లు కారి ఫ్రేమ్ గొట్టం మీదుగా సరిగ్గా అక్కడికే చేరతాయి. ఆరితే పాకం. బైక్‌ను తిరగేసి వేడినీళ్లు, బ్రష్‌తో కడగండి. కొన్నిసార్లు కేబుల్ మార్చకుండానే దీనితోనే గేరు తేలికవుతుంది.

బయటి కేబుల్ ఉన్నవాళ్లకు ఒక తేలిక పద్ధతి ఉంది. పెడల్ తిప్పుతూ వెనక పెద్ద చక్రం మీదకు ఎక్కించి, పెడల్ ఆపేయండి. తిప్పకుండానే చిన్న లీవర్‌ను అన్నిసార్లూ నొక్కండి. చైన్ అక్కడే ఉంటుంది, కేబుల్ మాత్రం వదులైపోతుంది. అప్పుడు అవుటర్ ముక్కలను ఫ్రేమ్ కొక్కేల నుంచి ఊడదీసి, ముందుకు వెనక్కి జరిపి లోపలి తీగను చూడవచ్చు. గోధుమ రంగు పొడి రాలితే, గోరుకు గరుకు తగిలితే మార్చాల్సిందే. నూనె పోసి తుప్పును బుజ్జగించకండి.

షాపులో ఇన్నర్ (లోపలి తీగ), అవుటర్ రెండూ అడగండి. పాత అవుటర్‌లో కొత్త ఇన్నర్ వేస్తే సగం పనే. ఇన్నర్ స్టెయిన్‌లెస్ స్టీల్‌దే తీసుకోండి, జింకు పూతది సముద్రం దగ్గర నిలవదు. గేరు ఇన్నర్ 1.2 మిల్లీమీటర్లు, బ్రేకుది 1.6. గేరు అవుటర్ లోపల తీగలు నిలువుగా ఉంటాయి, బ్రేకు అవుటర్‌లో చుట్టలుగా. గేరుకు బ్రేకు అవుటర్ వేస్తే గేర్లు కచ్చితంగా పడవు. బ్రేకుకు మామూలు గేరు అవుటర్ వేస్తే గట్టిగా పట్టినప్పుడు అది చీలిపోవచ్చు. ఇది ప్రాణం మీదకు వచ్చే తప్పు. షాపులో అవుటర్ కోస్తుంటే పక్కన నిలబడి చూసుకోండి. కాంపాగ్నోలో షిఫ్టర్ ఉంటే ముందే చెప్పండి, దాని కేబుల్ తలకాయ చిన్నది.

అవుటర్‌ను పాతదాన్ని పక్కన పెట్టి అంతే పొడవు కోయండి. కటింగ్ ప్లయర్ కొస నలిపేస్తుంది, కేబుల్ కట్టరే కావాలి. కోసిన కొసను ఆకురాయితో చదును చేసి, లోపలి ప్లాస్టిక్ గొట్టం నలిగి ఉంటే సూదితో గుండ్రంగా తెరవండి. నా అనుభవంలో కొత్త కేబుల్ వేసినా గేరు బరువుగా ఉందన్నవాళ్లలో ఎక్కువమందికి ఈ ఒక్క కొస సరిగ్గా లేదు. అవుటర్ కొసలకు చిన్న టోపీలు తొడిగి, ఇన్నర్‌ను నెమ్మదిగా దూర్చండి. ఎక్కడా ఆగకుండా దాని బరువుకు అదే జారుతున్నట్టు వెళ్లాలి.

బోల్టు బిగించే ముందు బ్యారెల్‌ను పూర్తిగా లోపలికి తిప్పి, ఒక చుట్టు వెనక్కి తేండి. కేబుల్‌ను చేత్తో లాగి పట్టి, బోల్టు బిగించండి. టార్క్ రెంచ్ ఉంటే 6 నుంచి 7 న్యూటన్ మీటర్లు. తర్వాత ఫ్రేమ్ పక్కన కేబుల్‌ను రెండు మూడు సార్లు గట్టిగా లాగండి, అవుటర్లు తమ స్థానాల్లో కూర్చుంటాయి. వదులైతే బోల్టు విప్పి మళ్లీ బిగించండి. ఇక పెడల్ తిప్పుతూ ఒక్కో గేరూ ఎక్కించండి. ఎక్కడానికి బద్ధకిస్తే బ్యారెల్‌ను బైక్ వెనక నుంచి చూస్తూ ఎడమ వైపు పావు చుట్టు, దిగడానికి బద్ధకిస్తే కుడి వైపు పావు చుట్టు. ఒక్కోసారి పావు చుట్టే, తిప్పి పరీక్షించాకే మళ్లీ. కేబుల్ కొసకు టోపీ నొక్కడం మరవకండి, లేకపోతే పోగులు విచ్చుకుని తర్వాతిసారి బయటకు రావు.

ఇంత చేశాక కూడా ఒకటి రెండు గేర్లలోనే చైన్ గొణుగుతుంటే, బైక్ ఎప్పుడైనా కుడి వైపు పడిందేమో గుర్తు చేసుకోండి. డిరైలర్‌ను పట్టుకున్న హ్యాంగర్ వంగి ఉండొచ్చు. దానికి సరిచేసే పనిముట్టు ఉన్న మెకానిక్ కావాలి.

నా బైక్‌కు ఇప్పుడు ఏడాదికి ఒకసారి, వానలు తగ్గాక, ఇన్నర్ అవుటర్ రెండూ మారుస్తాను. షిఫ్టర్‌లో మిషన్ ఆయిల్ చుక్కలు కూడా అప్పుడే వేస్తాను. సీటు సంచిలో చుట్ట చుట్టిన ఒక గేరు ఇన్నర్, ఒక అలెన్ కీ ఎప్పుడూ ఉంటాయి. ఆయిల్ డబ్బా మాత్రం అమ్మ మిషన్ సొరుగులోంచే తీసి, పని అయ్యాక తుడిచి అక్కడే పెట్టేస్తాను.